ఈసీయూ పెట్టెలో ఫ్యాన్ ఆగిపోతే వదిలేయవచ్చా?

ప్రశ్న: మా కారు బానెట్ కింద ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) ఉండే పెట్టెలో చిన్న కూలింగ్ ఫ్యాన్ ఉంది. కొన్నాళ్లు గరగరమని, ఇప్పుడు తిరగడమే మానేసింది. కారు మాత్రం బాగానే నడుస్తోంది. వదిలేయవచ్చా? పాత కంప్యూటర్‌లోంచి తీసిన 12 వోల్టుల ఫ్యాన్ ఉంది, సైజు సరిపోతోంది, అది బిగించేయమంటారా?

జవాబు: రెండూ వద్దండీ. కారు నడుస్తోందంటే లోపల అంతా బాగున్నట్టు కాదు, వేడి దెబ్బ నెమ్మదిగా తగులుతుంది. ఈసీయూ బోర్డు మీద కరెంటు నిల్వచేసే చిన్న భాగాలైన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు, వేడి 10 డిగ్రీలు పెరిగితే సుమారు సగానికి పడిపోతుంది. ఫ్యాన్ ఖర్చుకు వెనకాడితే రేపు ఈసీయూనే మార్చాల్సి రావచ్చు.

అయితే ముందు ఫ్యానే పోయిందని తేల్చుకోండి, ఎందుకంటే చాలా కార్లలో ఈ ఫ్యాన్ పెట్టె వేడెక్కితేనే తిరుగుతుంది, చల్లటి ఇంజిన్ మీద చూసి చెడిపోయిందనుకోకూడదు. బాగా నడిపి వచ్చాక కనెక్టర్ దగ్గర వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెట్టండి. రెండు వైర్ల ఫ్యాన్ అయితే లెక్క సులువు: 12 వోల్టులు వస్తున్నా తిరగకపోతే ఫ్యాన్ పోయినట్టే, రాకపోతే ఫ్యూజు, రిలే, వైరింగ్ చూడాలి. మూడు, నాలుగు వైర్లుంటే వేగం చెప్పే సిగ్నల్, కంట్రోల్ కూడా ఉంటాయి కాబట్టి కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్‌తో చూపించడం మేలు. గరగర వచ్చి ఆగిందంటున్నారు కనుక నా అనుమానం బేరింగ్ మీదే.

కంప్యూటర్ ఫ్యాన్ ఎందుకు వద్దంటే, అది గదిలో పనిచేయడానికి చేసింది. బానెట్ కింది వేడి, తేమ, అదురు, ఇంజిన్ నడిచేటప్పుడు 14 వోల్టుల దాకా వచ్చే కరెంటు, వీటికి ఎక్కువ కాలం ఆగదు. మీ కారు పార్ట్ నంబర్ చూసే కొనండి.

ఇగ్నిషన్ ఆపి, కాసేపాగి, బ్యాటరీ నెగటివ్ తీసి మొదలుపెట్టండి. పాత ఫ్యాన్ ఏ వైపు చూస్తోందో విప్పకముందే ఫొటో తీసుకోండి, ఫ్రేము మీద గాలి దిశ చెప్పే బాణం ఉంటే అదీ చూడండి. తిరగేసి బిగిస్తే ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం అటుది ఇటు పోతుంది, పైకి ఏమీ తెలియదు. గాలి గొట్టంలో ఆకులు, దుమ్ము పేరుకుంటే తీసేయండి. మూత రబ్బరు సరిగ్గా కూర్చోవడం మాత్రం చాలా ముఖ్యం, అక్కడ సందుంటే నీళ్లు నేరుగా ఈసీయూ మీదికే పోతాయి.

హైబ్రిడ్ కారులో బ్యాటరీ ఫ్యాన్ అయితే ఇదంతా వర్తించదు. అక్కడ నారింజ రంగు హై వోల్టేజ్ కేబుళ్లుంటాయి, మీరు చేయి పెట్టకండి, శిక్షణ ఉన్న మెకానిక్‌కే అప్పగించండి.