ఆర్కెస్ట్రా ముందు నిలబడి నడిపించే కండక్టర్ చేతులూపడం తప్ప ఏం చేస్తాడు? జుబిన్ మెహతాకి అంత పేరెందుకు?

మీ అనుమానం న్యాయమైనదే. నేను చెన్నైలో సినిమా రికార్డింగులకు వయొలా (వయొలిన్ కన్నా కాస్త పెద్దది) వాయిస్తాను. స్టూడియోలో హెడ్‌ఫోన్స్‌లో తాళం చూపే క్లిక్ టకటకమంటుంటే దాన్ని పట్టుకుని వాయించేస్తాం. ఎదురుగా ఎవరూ చేతులు ఊపకపోయినా పాట అయిపోతుంది.

క్లిక్ తీసేస్తేనే కష్టం. ఒక స్టేజి షోలో స్ట్రింగ్స్, అంటే వయొలిన్ లాంటి తీగవాద్యాలు వాయించేవాళ్ళం, అంతా ఒకే స్వరం మీద ఆగి, మళ్ళీ అందరం ఒక్కసారే కదలాలి. ఎంతసేపు ఆగాలో నొటేషన్‌లో ఉండదు. ముందు వరుస తర్వాతి స్వరంలోకి వెళ్ళిపోయింది, వెనక మేము ఇంకా పాత స్వరం మీదే కమాను లాగుతున్నాం. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. కర్ణాటక కచేరీలో నలుగురైదుగురే, ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆర్కెస్ట్రాలో ఎనభై మందికి ఆ సౌకర్యం ఎక్కడిది? తాళం దెబ్బ పడేముందు కండక్టర్ చెయ్యి పైకి లేస్తుంది చూడండి, ఏ వేగంతో, ఎంత బలంగా ఎత్తుకోవాలో అందులోనే తెలిసిపోవాలి.

మెహతా చెయ్యి అంత స్పష్టం. 1936లో బొంబాయిలో పార్సీ కుటుంబంలో పుట్టారు. తండ్రి మెహ్లీ వయొలినిస్టు, బాంబే సింఫనీ ఆర్కెస్ట్రా స్థాపించింది ఆయనే. కొడుకు 1954లో వియన్నా వెళ్ళి హాన్స్ స్వరోవ్‌స్కీ దగ్గర కండక్టింగ్ నేర్చుకోవడానికి చేరారు, 1958లో లివర్‌పూల్‌లో కండక్టర్ల పోటీ గెలిచారు. ఆ తర్వాత నడిపిన ఆర్కెస్ట్రాలు లాస్ ఏంజెలెస్ ఫిల్హార్మోనిక్, 1978 నుంచి 1991 దాకా న్యూయార్క్ ఫిల్హార్మోనిక్. ఇజ్రాయెల్ ఫిల్హార్మోనిక్‌తో అయితే 2019 వరకు.

1990లో రోమ్‌లో ముగ్గురు టెనర్ల (పై స్థాయి గొంతున్న ఒపెరా గాయకుల) కచేరీ వల్ల ఊరూరా పేరొచ్చింది కానీ, నన్నడిగితే అది అసలు లెక్కలోది కాదు. 1981లో రవిశంకర్ రెండో సితార్ కన్సర్టోనీ (సితార్‌కీ ఆర్కెస్ట్రాకీ కలిపి రాసిన రచననీ), 1985లో మన మద్రాసులో పెరిగిన ఎల్. సుబ్రమణ్యం రచననీ న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ చేత వాయింపించారు. మనోధర్మంతో, అంటే అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించడంతో పెరిగినవాళ్ళనీ, కాగితం చూసి వాయించేవాళ్ళనీ ఒక తాటిమీద నడపడం ఎంత కష్టమో మా వాళ్ళనడగండి! 1994లో యుద్ధం మధ్య బోస్నియాలోని సరయేవోలో, కాలిపోయిన లైబ్రరీ శిథిలాల్లోనే మోజార్ట్ రెక్వియమ్ (చనిపోయినవాళ్ళ కోసం చేసే ప్రార్థనా సంగీతం) చేశారు.

2005 డిసెంబరు 26న, సునామీకి ఏడాది నిండిన రోజు, బవేరియన్ స్టేట్ ఆర్కెస్ట్రాతో ఇక్కడ మ్యూజిక్ అకాడమీకి వచ్చారు. యూట్యూబ్‌లో ఆయన కచేరీలుంటాయి. ఈసారి కుడిచేతిని వదిలేసి ఎడమచేతిని చూడండి. ఎవరిని తగ్గమంటున్నారో, ఎవరిని రమ్మంటున్నారో అందులోనే దొరుకుతుంది.