పీటర్ గేబ్రియల్ ‘సీక్రెట్ వరల్డ్ లైవ్’: పాటలన్నీ విన్నాక వీడియో కూడా చూడాలా?

ప్రోగ్రెసివ్ రాక్ (పొడవైన, మలుపులు ఎక్కువున్న రాక్ సంగీతం) ఈ మధ్యే వినడం మొదలుపెట్టానని, ఒకప్పుడు ‘జెనెసిస్’ అనే రాక్ బృందంలో పాడిన ఇంగ్లండ్ గాయకుడు పీటర్ గేబ్రియల్ సొంత కచేరీ ‘సీక్రెట్ వరల్డ్ లైవ్’ ఆడియో మీ దగ్గర ఉందని, అవే పాటల కోసం మళ్లీ వీడియో కొనడం దండగేమోనని అడిగారు.

దండగ కాదు, కొనండి. నేను ఆ ఆడియో సీడీలు రెండింటినీ నాలుగేళ్లు విన్నాను. హైదరాబాద్‌లో చదువుకునేటప్పుడు హాస్టల్ ఖాళీ చేస్తూ ఒక సీనియర్ నాకు ఇచ్చి వెళ్లారు. ఏ పాటలో డ్రమ్స్ ఎక్కడ అందుకుంటాయో, జనం ఎక్కడ కేకలు వేస్తారో నాకు కంఠతా వచ్చు. అయినా వీడియో చూసిన రాత్రి తెలిసింది, మొట్టమొదటి పాటే నాకు సగం అందలేదని.

ఆ పాట ‘కమ్ టాక్ టు మీ’. వేదిక మీద ఎర్రటి టెలిఫోన్ బూత్ ఒకటి ఉంటుంది. అందులో నిలబడి, రిసీవర్ చెవికి ఆనించుకుని గేబ్రియల్ పాడుతుంటారు. కాసేపటికి రిసీవర్ వదలకుండానే బయటికి వస్తారు. వైరు సాగుతుంది. ఎదురుగా, దూరాన, తోటి గాయని పౌలా కోల్ పాడుతుంటారు. ఆమె వైపు ఒక్కొక్క అడుగూ వేస్తున్నకొద్దీ వైరు బిగుసుకుని ఆయన్ని వెనక్కి లాగుతుంది. ఒళ్లంతా ముందుకు వంచి, బరువు లాగే ఎద్దులా నడుస్తారు. మాట్లాడమని బతిమాలుతున్న మనిషిని, ఆ మాటను మోసుకెళ్లాల్సిన వైరే ఆపేస్తోంది. తనకూ తన కూతురికీ మధ్య పెరిగిన దూరం నుంచి ఆ పాట పుట్టింది. ఆ సంగతి నేను అంతకు ముందే చదివాను. చదివినప్పుడు అది ఒక సమాచారం, అంతే. ఆ నడక చూశాక మాత్రం పాటను పక్కన పెట్టి వేరే పని చేసుకుంటూ వినడం నా వల్ల కాలేదు.

ఇదంతా 1993 నవంబరులో ఇటలీలోని మోడెనాలో, రెండు రాత్రులు చిత్రీకరించారు. వీడియో 1994లో వచ్చింది. 1992 నాటి ‘అస్’ ఆల్బమ్ తరువాతి కచేరీల యాత్ర అది. విడాకులు, కూతురితో ఎడబాటు, మానసిక చికిత్స, ఇవన్నీ ఆ ఆల్బమ్‌లో ఉన్నాయి. వేదికను రూపొందించింది కెనడాలోని క్యుబెక్‌కు చెందిన నాటక దర్శకుడు రాబర్ లపాజ్. సినిమాగా తీసింది అదే ప్రాంతపు దర్శకుడు ఫ్రాన్స్వా జిరార్. అందుకే దీన్ని కచేరీ అనడం కంటే నాటకం అనడమే నాకు ఇష్టం. హాలులో రెండు వేదికలు: ఒకటి చతురస్రం, ఒకటి గుండ్రం. చతురస్రం నగరానికీ పురుషుడికీ గుర్తు, గుండ్రటిది ప్రకృతికీ స్త్రీకీ. రెండింటినీ కలుపుతూ ఒక సన్నటి దారి, దాని మీద కదిలే బెల్టు. ఎవరు ఏ పాటకు ఎటు వైపు ఉన్నారో గమనిస్తూ చూడండి. ఆడియోలో ఈ దూరాలేవీ వినిపించవు.

జెనెసిస్ రోజుల్లో, 1972 ప్రాంతంలో, ఆయన నక్క తల తగిలించుకుని ఎర్ర గౌనుతో వేదిక మీదికి వచ్చేవారు. 1975లో ఆ బృందాన్ని వదిలారు. మోడెనాకు వచ్చేసరికి ముసుగులు లేవు. ‘డిగ్గింగ్ ఇన్ ద డర్ట్’ పాటలో తలకు కెమెరా కట్టుకుని తన ముఖాన్నే అతి దగ్గరగా తెర మీద వేసి చూపిస్తారు. ముక్కుపుటాలు, పళ్లు, చెమట. చూడటానికి ఇబ్బందిగా ఉంటుంది. తనను తాను తవ్వుకోవడం గురించిన పాటకు అది సరిగ్గా తగినది.

నాకు ఈ వీడియోతో మరో బంధం ఉంది. చిన్నప్పుడు విజయవాడలో నాకు వయొలిన్ నేర్పించింది మా నాన్న. ఈ కచేరీలో వయొలిన్ వాయించింది మద్రాసులో పుట్టిన ఎల్. శంకర్. ఎల్. సుబ్రహ్మణ్యం గారి తమ్ముడు, మన సంగీతాన్నీ జాజ్‌నూ కలిపిన ‘శక్తి’ బృందంలో గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి వాయించినవారు. ఆయన వాయిద్యానికి రెండు మెడలు, పది తీగలు. ‘అక్రాస్ ద రివర్’ అనే చిన్న పాటలో అది పలికే గమకాలు విని మా నాన్న కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నారు. అంతవరకు రాక్ అంటే గోల అనే అనేవారు. చివరలో ‘సీక్రెట్ వరల్డ్’ పాటకు గేబ్రియల్ ఒక సూట్‌కేసు తెరిస్తే, వాద్యకారులంతా ఒకరి వెనుక ఒకరు అందులోకి దిగి మాయమవుతారు. “సురభి వాళ్ల మాయాబజార్ చూసినట్టుంది రా” అన్నారు నాన్న. నిజంగానే అదే ఆనందం అది, కళ్ల ముందు జరిగే రంగస్థల మాయ. తరువాత ఆయన మళ్లీ పెట్టమన్నది మాత్రం టెలిఫోన్ పాట. ఆ ఏడాది మేమిద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. ఆ రాత్రి కూడా అంతకు మించి మాట్లాడుకోలేదు, కానీ పాట రెండుసార్లు చూశాం.

లోపాలూ ఉన్నాయి. ‘స్టీమ్’, ‘కిస్ దట్ ఫ్రాగ్’ పాటల్లో హంగు ఎక్కువ, విషయం తక్కువ. కొన్నిచోట్ల కెమెరా మరీ తొందరగా మారిపోయి, వాయించే వేళ్లు చూడాలనుకున్నప్పుడు జనాన్ని చూపిస్తుంది. బాస్ వాయించే టోనీ లెవిన్, డ్రమ్స్ దగ్గర మాను కాచే మీద కెమెరా ఇంకాస్త నిలవాల్సింది. ‘డోంట్ గివ్ అప్’లో పౌలా కోల్‌ను మాత్రం చక్కగా పట్టుకున్నారు. అప్పటికి ఆమె పేరు బయట ఎవరికీ పెద్దగా తెలియదు. మొదట గాయని కేట్ బుష్ పాడిన ఆ చరణాలను ఆమె ఎవరినీ అనుకరించకుండా పాడారు. ఈ వీడియోకు 1996లో గ్రామీ పురస్కారం వచ్చింది.

కొనేటప్పుడు 2012లో విడుదలైన బ్లూరే చూడండి, బొమ్మనూ ధ్వనినీ శుభ్రం చేసి తెచ్చారు. డిస్క్ వెనుక రీజియన్ గుర్తు, అంటే అది ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు, తప్పకుండా చూడండి. బ్లూరేలకు మన దేశం ‘సి’ కిందికి వస్తుంది, డీవీడీలకు 5. నేను మొదట ఆన్‌లైన్‌లో ఒక దుకాణం నుంచి తెప్పించిన డీవీడీ మా ప్లేయర్‌లో అసలు ఆడలేదు, వాళ్లు వెనక్కి తీసుకోనూ లేదు. ఇంట్లో చుట్టూ ధ్వని వినిపించే ఆరు స్పీకర్లు లేకపోతే ఫరవాలేదు, స్టీరియో పెట్టుకుని మంచి హెడ్‌ఫోన్లతో వినండి. ముక్కలు ముక్కలుగా మాత్రం చూడకండి. ఫోన్ బూత్ దగ్గర మొదలుపెట్టి సూట్‌కేసు దాకా ఒకే రాత్రిలో చూడండి.