సగేషస్ అని ఎవర్ని అనొచ్చు?

ఒంగోలు

చిరంజీవి మేనకోడలికి,

నీ వ్యాసం చదివాను. పెద్ద చదువులు చదివినవాళ్ళందర్నీ ఇంగ్లీషులో సగేషస్ (sagacious) అనేశావు. డిక్షనరీలో ‘వివేకవంతుడు’ అని ఒక్కముక్కలో తేల్చేయడంతో వచ్చిన చిక్కిది.

దీని మూలం లాటిన్ మాట సగాక్స్. చురుగ్గా కనిపెట్టేది అని అర్థం. వేటకుక్క ముక్కుకి కూడా ఆ మాటే వాడేవాళ్ళు. ఒకప్పుడు ఇంగ్లీషులో వాసన పట్టే కుక్కనీ సగేషస్ అన్నారు. మన ‘పసిగట్టడం’ చూడు, అందులోని పసి అంటే వాసనే! రాబోయేదాన్ని పసిగట్టి, తగ్గట్టు నడుచుకునేవాళ్ళకే ఈ మాట అతుకుతుంది. బీరువా నిండా డిగ్రీలున్నా ఆ ముక్కు లేకపోతే లెర్నెడ్ అను, చాలు.

కందుకూరు వైపు పొగాకు రైతునే తీసుకో. వేలంలో వచ్చిన డబ్బులో కొంత దాచుకుంటే ప్రూడెంట్. ఎరువు కావాల్సినంతే వేస్తే అది జుడీషస్ యూజ్. బేరంలో అవతలివాడి అవసరం కనిపెట్టి నాలుగు రూపాయలు ఎక్కువ రాబట్టుకుంటే ష్రూడ్. అందులో మెప్పుతో పాటు స్వార్థం కూడా కాస్త తగులుతుంది. వచ్చే ఏడు కొనేవాళ్ళు తగ్గుతారని గాలి చూసి, అందరికంటే ముందే శనగకి మళ్ళితే, అదీ సగేషస్. నెల్లూరు తిక్కన తెనిగించిన ఉద్యోగపర్వంలో విదురుడికి ఈ మాట సరిపోతుంది. శకునికి ష్రూడ్ కూడా ఎక్కువే, కన్నింగ్ అనాలి.

పలికేటప్పుడు ఒత్తు ‘గే’ మీద పడాలి. నామవాచకం సగ్యాసిటీ, అక్కడ ‘గ్యా’ మీద. సగేషస్‌నెస్ తప్పేం కాదు గానీ బరువు. పోలికకి ‘మోర్ సగేషస్’. మనిషికీ, నిర్ణయానికీ, సలహాకీ వాడొచ్చు. నువ్వు రాసిన ‘ఎ సగేషస్ అడ్వైస్’ మాత్రం తప్పు, అడ్వైస్ ముందు ‘ఎ’ రాదు. జ్ఞాని అనే అర్థమున్న సేజ్ దీనికి చుట్టం కాదు. అది రుచి చూడటం, తెలియడం అనే అర్థాలున్న లాటిన్ మాట సపెరే నుంచి వచ్చింది. ఒకటి ముక్కు సంగతి, ఇంకోటి నాలుక సంగతి.

స్పెల్లింగు దగ్గర ఒళ్ళు దగ్గర పెట్టుకో. మూడో అక్షరం ‘జి’. అక్కడ ‘ఎల్’ పడితే సలేషస్ అవుతుంది, అంటే బూతు. హెడ్మాస్టరుగారి గురించి అలా రాస్తే కొంప మునుగుతుంది. స్పెల్‌చెక్ కూడా పట్టుకోదు, రెండూ సరైన మాటలే కదా.

ఇది పుస్తకాల మాట. వ్యాసంలో ఒక్కసారి చాలు, మాట్లాడేటప్పుడు వైజ్ అను. మూడో పేరా తిరగరాసి పంపించు.

ఆశీస్సులతో,
మావయ్య