గర్భంతో ఉన్నప్పుడు మశూచి టీకా వేయించుకోవచ్చా?

మూడో నెల నడుస్తోందని, పక్కింటి పిల్లాడికి అమ్మవారు పోసిందని, మశూచి టీకా వేయించుకోవాలా అని అడిగారు. వద్దండి. మశూచి ఇప్పుడు లేదు. మన దేశంలో చివరి కేసు 1975లో వచ్చింది, 1980లో ప్రపంచమంతటా పోయిందని ప్రకటించారు. మా అమ్మమ్మ జబ్బ మీద రూపాయి బిళ్లంత మచ్చ ఉండేది. రెండు కొనల సూదిని చుక్క మందులో ముంచి, ఒకేచోట పదిహేనుసార్లు పొడిచేవారట. అప్పట్లో గర్భిణులకు మశూచి సోకితే మిగతావాళ్లకన్నా ఎక్కువగా ప్రాణాలు పోయేవి, గర్భస్రావాలూ అయ్యేవి. ఆ టీకాలో ఉండేది బతికున్న వైరస్. అరుదుగానైనా అది కడుపులో బిడ్డకు సోకేది.

పక్కింటి పిల్లాడిది ఆటలమ్మ, అంటే చికెన్‌పాక్స్ అయి ఉంటుంది. రెండింటినీ అమ్మవారనే అనడం వల్లే ఈ గందరగోళం. చిన్నప్పుడు మీకు ఆటలమ్మ వచ్చిందా అని ముందు మీ అమ్మగారిని అడగండి. వచ్చి ఉంటే దాదాపు టెన్షన్ అక్కర్లేదు. రాలేదంటే, లేదా గుర్తులేదంటే, ఈరోజే మీ గైనకాలజిస్టుకు ఫోన్ చేయండి. రక్తపరీక్షలో రక్షణ లేదని తేలితే, ఆ పిల్లాడికి దగ్గరగా మసలిన పది రోజుల్లోపు ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు) ఇంజెక్షన్ ఇవ్వొచ్చు. పొక్కులు వచ్చేదాకా ఆగొద్దు. గర్భిణులకు ఆటలమ్మ ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా కావచ్చు. 20 వారాల్లోపు సోకితే, నూటికి ఒకరిద్దరు బిడ్డల్లో లోపాలు రావచ్చు.

ఆటలమ్మ టీకా కూడా బతికున్న వైరస్‌దే, కాబట్టి ఇప్పుడు వేయరు. కాన్పయ్యాక రెండు డోసులు వేయించుకోండి. పాలిస్తున్నా ఫర్వాలేదు.