కీమో జరుగుతున్న నాన్నగారికి జ్వరం, పొడిదగ్గు: ఇంట్లో ఉంచి చూడవచ్చా?

లింఫోమా అనే క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్న మీ నాన్నగారికి రెండు రోజులుగా జ్వరం, పొడిదగ్గు ఉన్నాయని, ఎక్స్‌రే బాగుందన్నారు కనుక ఇంకో రెండు రోజులు పారాసిటమాల్‌తో చూడవచ్చా అని అడిగారు. దయచేసి చూడవద్దు, ఈ పూటే ఆయన ఆంకాలజిస్టుకు ఫోన్ చేయండి.

మా అమ్మగారి విషయంలో మేము చేసిన పొరపాటు ఇదే. ఆవిడకూ లింఫోమాయే. నాలుగో కీమో అయిన పదో రోజున, లాల్‌దర్వాజా బోనాలకు మా ఇంటికి వచ్చిన పిల్లల్లో ఒకరికి జలుబు ఉంది. మూడు రోజులకు అమ్మకు జ్వరం వచ్చింది. మాత్ర వేసినప్పుడల్లా తగ్గుతుంటే, ఎక్స్‌రే కూడా బాగుందనడంతో ధైర్యపడ్డాము. ఐదో రోజు స్నానాలగది దాకా వెళ్లి వచ్చేసరికి ఆయాసపడుతుంటే ఆక్సీమీటర్ పెట్టి చూశాము, ఆక్సిజన్ 89 శాతమే చూపించింది. సీటీ స్కాన్‌లో రెండు ఊపిరితిత్తులలోనూ ఆవిరి పట్టిన అద్దంలాంటి మరకలు కనిపించాయి. ముక్కు నుంచి తీసిన నమూనాకు చేసిన పీసీఆర్ పరీక్షలో ఇన్‌ఫ్లుయెంజా (ఫ్లూ) అని తేలింది.

ఎక్స్‌రే మమ్మల్ని ఎందుకు మోసం చేసిందో డాక్టరుగారు అప్పుడు వివరించారు: న్యుమోనియా తెల్లగా కనిపించడానికి అక్కడికి చేరే తెల్లరక్తకణాలు కూడా ఒక కారణం కనుక, కీమో వల్ల ఆ కణాలు పడిపోయినవారికి జబ్బు ముదురుతున్నా తొలిరోజుల్లో ఎక్స్‌రే శుభ్రంగానే ఉండవచ్చు. ఫ్లూకు ఇచ్చే మందు ఒసెల్టమివిర్‌ను లక్షణాలు కనిపించిన 48 గంటలలోపు మొదలుపెడితే మేలు ఎక్కువ, కానీ రోగనిరోధక శక్తి తగ్గినవారికి ఆలస్యమైనా ఇస్తారు. అమ్మకు ఐదో రోజున మొదలుపెట్టారు. తెల్లరక్తకణాల్లో న్యూట్రోఫిల్స్ అనేవి 500 కంటే తక్కువగా ఉండటంతో బ్యాక్టీరియాకు యాంటీబయాటిక్స్ కూడా అదే గంటలో ఎక్కించారు. ఆర్‌ఎస్‌వి, కోవిడ్, సైటోమెగలోవైరస్ వంటి వైరస్‌లు, న్యుమోసిస్టిస్ అనే ఫంగస్, చివరికి కొన్ని క్యాన్సర్ మందుల వల్ల వచ్చే ఊపిరితిత్తుల వాపు కూడా పైకి ఇలాగే కనిపించగలవు, వాటి చికిత్సలు మాత్రం వేరు. అందువల్ల పరీక్ష చేయకుండా ఎవరైనా ‘వైరల్ జ్వరమే’ అంటే తృప్తిపడకండి.

ఫోన్‌లో చివరి కీమో తేదీ, మందుల పేర్లు, మాత్ర వేయకముందు జ్వరం ఎంత ఉందో, కూర్చున్నప్పుడూ నాలుగడుగులు నడిచాకా ఆక్సిజన్ ఎంతో చెప్పండి. కీమో మీద ఉన్నవారికి 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరమే అత్యవసర పరిస్థితి. ఆసుపత్రికి బయలుదేరేటప్పుడు నాన్నగారికి మాస్కు పెట్టి, ఫైలు వెంట తీసుకువెళ్లండి; క్యాజువాలిటీలో అడుగుపెట్టగానే ‘కీమో పేషెంటు, జ్వరం ఉంది’ అని ముందుగా చెబితే, దగ్గుతున్నవారి మధ్య వరుసలో కూర్చోబెట్టరు.