‘అమ్మ ఒప్పుకోదు’ అని ఎవరన్నారు?

పెద్ద ఉత్తరం. కొంత తగ్గించి ఇస్తున్నాను.

‘‘మాది అంబాజీపేట దగ్గర పల్లె. పెళ్లై మూడేళ్లైంది. మావారు అమలాపురంలో ఉద్యోగం చేస్తారు. మామయ్య గారు లేరు. అత్తయ్యే కొబ్బరి తోట చూసుకుంటూ ఆయన్ని చదివించారు. పెళ్లైన కొత్తలో ఊటీ వెళ్దామనుకున్నాం. కొబ్బరికాయలు కోయించే దింపు టైము, అమ్మ ఒప్పుకోదని మావారే టికెట్లు రద్దు చేశారు. ఆయన ఇంజనీరింగ్ స్నేహితుడి కుటుంబం తాతల నాడే అండమాన్‌లోని పోర్ట్‌బ్లెయిర్‌లో స్థిరపడింది. మొన్న మాఘమాసంలో, శుక్రవారం నాడు అతని పెళ్లి. గురువారం వెళతామని ఇంట్లో చెప్పి ముందు శనివారమే అండమాన్ వెళ్లిపోయాం. తాను హైదరాబాద్‌లో ట్రైనింగ్‌లో ఉన్నట్టు, నేను పాలకొల్లు పుట్టింట్లో ఉన్నట్టు చెప్పమన్నారు. సోమవారం సాయంత్రం అక్కడి హేవ్‌లాక్ దీవిలో ఉండగా అత్తయ్య మావారికి వీడియో కాల్ చేశారు. నేను ఆయన చెప్పులు పట్టుకుని దూరంగా వెళ్లి నిలబడ్డాను. ‘హైదరాబాద్‌లో అప్పుడే చీకటి పడిపోయిందేంట్రా?’ అని అడిగారట. వెంటనే మా అమ్మకు ఫోన్ చేసి నన్ను పిలవమన్నారు. స్నానానికి వెళ్లిందని అమ్మ చెప్పింది. మేం తిరిగొచ్చాక అత్తయ్య ఒక్కటే అన్నారు: ‘నన్ను అడిగితే వద్దంటానా?’ అంతే, మాటలు ఆపేశారు. పెళ్లింటి కోసం ఆత్రేయపురం నుంచి ఆవిడ తెప్పించిన పూతరేకుల డబ్బా తాడు కూడా విప్పకుండా డైనింగ్ టేబుల్ మీదే ఉంది. ఆవిడను క్షమాపణ ఎలా అడగాలి? ఒక పట్టుచీర తెస్తే బాగుంటుందా? లేక వేరు కాపురం పెట్టేయడమే మంచిదా?’’

చీర వద్దు. వేరు కాపురం మాట ఇప్పుడు ఎత్తకండి. ఇక క్షమాపణ అంటారా, మీరు అడగాల్సింది మీ అత్తగారిని కాదు. ఎవరినో తర్వాత చెబుతాను.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ‘అత్తయ్య ఒప్పుకోరు’ అన్న మాట ఎన్నోచోట్ల ఉంది. ఆవిడ తన నోటితో వద్దన్న సందర్భం మాత్రం ఒక్కటీ కనపడలేదు. ఊటీ ఆపింది మీ ఆయన. అండమాన్ దాచింది మీ ఆయన. మూడేళ్లుగా మీకు వినపడుతున్నది అత్తగారి గొంతు కాదమ్మా, ఆవిడ పేరు చెప్పి మాట్లాడుతున్న మీ ఆయన గొంతు.

దింపు అంటారా, కొబ్బరి తోట ఉన్న ఇంట్లో నెలన్నరకో రెండు నెలలకో అది వస్తూనే ఉంటుంది. మీ ఆయన హాస్టల్లో ఉండి చదువుకున్న నాలుగేళ్లూ దింపు కూలీలను పిలిపించుకుని, చెట్టు చెట్టుకీ తిరిగి కాయ లెక్క చూసుకుని, కాయలు వలిచేవాళ్లకు డబ్బులిచ్చి, మార్కెట్లో వ్యాపారులతో ధర మాట్లాడుకున్నది ఎవరు? ఆవిడ ఒక్కతే కదా! అంత సంసారం ఈదిన మనిషి, కొడుకూ కోడలూ వారం రోజులు సరదాగా తిరిగొస్తామంటే తట్టుకోలేదని ఈయన ఎలా తేల్చేశాడు? ఒక్కసారైనా అడిగి చూశాడా?

ఆ సాయంత్రం సంగతి చదువుతుంటే నాకు కోపం ఆగలేదు. మనకీ అండమాన్‌కీ గడియారం ఒక్కటే. కానీ ఆ దీవులు బాగా తూర్పున ఉన్నాయి కాబట్టి అక్కడ మనకంటే సుమారు ముప్పావుగంట ముందే పొద్దుగూకుతుంది. మాఘంలో ఐదున్నర కాకుండానే సూర్యుడు సముద్రంలో దిగిపోతాడు. కోనసీమలో అప్పటికి ఇంకా ఎండ కొబ్బరి ఆకుల మీదే ఉంటుంది. హైదరాబాద్‌లో పొద్దు ఇంకా ఆలస్యంగా వాలుతుంది. రోజూ అరుగు మీద కూర్చుని సంధ్యదీపం వేళ కోసం చూసే మనిషికి, కొడుకు వెనకాల చీకటి కనపడితే తెలియదా? అబద్ధం చెప్పేవాడికి తల్లి గురించి ఆ మాత్రం తెలియకపోవడం నాకు ఆశ్చర్యం.

హేవ్‌లాక్‌లోని రాధానగర్ బీచ్‌లో సూర్యాస్తమయం చూడటానికి ఎక్కడెక్కడి నుంచో భార్యాభర్తలు వస్తారు. మీరూ అందుకే వెళ్లారు. వెళ్లి, మొగుడి చెప్పులు చేత్తో పట్టుకుని కెమెరాకు అందకుండా ఇసుకలో నిలబడ్డారు. పదిమంది ముందు మూడు ముళ్లు వేయించుకున్న ఇల్లాలు, ఎవరికీ కనపడకూడని మనిషిలా! మీరు ఆ మాట ఉత్తరంలో ఒక్క వాక్యంలో రాసి దాటేశారు. నేను దాటలేకపోతున్నాను. మీ ఆయన చెడ్డవాడని నేననను. ప్రేమ లేనివాడైతే అంత ఖర్చు పెట్టి తీసుకెళ్లడు. కానీ తల్లి ముందు భార్యను, భార్య ముందు తల్లిని దాచుకుంటూ బతకడం అతనికి అలవాటైపోయింది. అమ్మ బాధపడుతుందని అంటాడు చూడండి, అది సగమే నిజం. అమ్మ ముఖం చిన్నబోతే చూసి తట్టుకునే ధైర్యం అతనికి లేదు. ఆ ధైర్యం మీరు తెచ్చి ఇవ్వలేరు, మీ అత్తగారూ ఇవ్వలేరు.

సెల్యులార్ జైలు కూడా చూశామని రాశారు. 1906లో కట్టడం పూర్తయినప్పుడు దానికి ఏడు విభాగాలు, ఇప్పుడు మూడే మిగిలాయి. కాకినాడ బాంబు కేసులో శిక్ష పడిన స్వాతంత్ర్య సమరయోధుడు ప్రతివాది భయంకరాచారి గారిని ఉంచింది అక్కడే. గోదావరి జిల్లాల మనిషి ఆ గదుల ముందు నిలబడితే, ఇంట్లో పెద్దవాళ్లకు ఫోన్ చేసి చూపించాలని ప్రాణం కొట్టుకుంటుంది. మీ ఫోన్లో దాదాపు రెండు వందల ఫొటోలు ఉన్నాయన్నారు. ఒక్కటీ ఇంట్లో ఎవరికీ చూపించలేదు. అంత దూరం వెళ్లి వచ్చి నోరు కట్టేసుకుని కూర్చున్నారు ఇద్దరూ.

అందుకని ముందు మీ ఆయన కదలాలి. ఈ ఆదివారం తల్లి దగ్గర ఒక్కడే కూర్చోమనండి. మీరు పక్కన వద్దు, వంటింట్లో చెవులు రిక్కించుకుని కూడా వద్దు. ‘ముందే వెళ్లాలనుకున్నది నేను, నీతో చెప్పడానికి భయపడింది నేను, దాన్ని అబద్ధం ఆడమన్నదీ నేనే’ అని చెప్పాలి. ‘అది సరదా పడిందమ్మా’ అని మాత్రం నోట రాకూడదు. వస్తే మళ్లీ మొదటికే. ఊటీ సంగతి కూడా చెప్పమనండి. తన పేరు చెప్పి ఆ ప్రయాణం ఆపారని ఆవిడకు ఇప్పటికీ తెలిసి ఉండదు.

ఆవిడ ఏడవచ్చు. నాలుగు రోజులు ముభావంగా ఉండొచ్చు. ఉండనివ్వండి. చీరతో, స్వీట్లతో ఆవిడ మౌనాన్ని కొనేయాలని చూడకండి. ‘ఈసారి అమ్మనీ తీసుకెళ్దాం’ అని అపరాధ భావంతో ఇప్పటికిప్పుడు టికెట్లు తీయడమూ వద్దు. ఆవిడకు వెళ్లాలని ఉందో లేదో ఆవిడనే అడగండి. మొగుడూ పెళ్లాం ఇద్దరే ప్రయాణం చేయడం తప్పేమీ కాదు, ఇకమీదట కూడా వెళ్లండి. వెళ్లేది ఎక్కడికో, వచ్చేది ఎప్పుడో గుమ్మంలో నిలబడి కొడుకు చెప్పి వెళ్లాలి.

ఆ డబ్బా తాడు ఆవిడ చేతే విప్పించి పూతరేకులు ఇంటిల్లిపాదీ తినేయండి. ఆ స్నేహితుడు చదువుకునే రోజుల్లో సెలవులకు వస్తే ఆవిడ చేతి అన్నం తిన్నవాడేనని మీరే రాశారు. పెళ్లింటికి కొత్తగా ఇంకో డబ్బా మీ ఆయనను ఆర్డర్ పెట్టమనండి. పోర్ట్‌బ్లెయిర్‌కు పార్శిల్ కట్టేటప్పుడు పైన పంపినవారిగా తన పేరు కాకుండా తల్లి పేరు రాయాలి.

ఇక మీ క్షమాపణ. మీ అత్తగారు ఫోన్ చేసినప్పుడు ‘స్నానానికి వెళ్లింది’ అని చెప్పింది మీ అమ్మ. కూతురు ఏ సముద్రం ఒడ్డున ఉందో ఆవిడకు తెలుసు. కూతురి కాపురం కోసం వియ్యపురాలితో అబద్ధం ఆడింది. ఇప్పుడు మీ ఇంటి గుమ్మం తొక్కాలంటే ఆవిడకు ముఖం చెల్లదు. ఉత్తరంలో మీరు అమ్మ గురించి రాసింది ఆ ఒక్క మాటే, ఆవిడ ఎలా ఉందో రాయలేదు. చించినాడ వంతెన దాటితే పాలకొల్లు ఎంత దూరమని? ముందు అక్కడికి వెళ్లండి. ఒంటరిగా కాదు, మీ ఆయన్నీ వెంటబెట్టుకుని వెళ్లండి. ఆవిడ చేత ఆ మాట ఆడించింది అతను, దానికి ఒప్పుకున్నది మీరు. ఇద్దరూ ఆవిడ ముందు కూర్చుని తప్పైపోయిందని చెప్పండి. అక్కడి నుంచి మీ అమ్మ చేత అత్తగారికి ఫోన్ చేయించాలని మాత్రం చూడకండి. ఎప్పుడు మాట్లాడుకోవాలో ఆ వియ్యపురాళ్లిద్దరికీ వదిలేయండి.