దొంగకి తాళం ఇచ్చేసిన క్యాషియరమ్మ

రొమాన్స్, క్రైమ్, కామెడీ కలిపి తీసే సినిమాల్లో హీరోయిన్ దొంగ వెంట ఎందుకు వెళ్లిపోతుందో ఎవరికైనా అర్థమైందా అని ఒకరు అడిగారు. నాకైతే కాలేదు. అదీ బ్యాంకు క్యాష్ కౌంటర్‌లో పదకొండేళ్లు కూర్చున్న మనిషిని.

ఈమధ్య చూసినదాంట్లో హీరోయిన్ కూడా క్యాషియరే. దొంగ రెండు జోకులేస్తాడు, వానలో గొడుగు పడతాడు. మర్నాటికల్లా బ్యాంకు డబ్బు దాచే స్ట్రాంగ్‌రూమ్ తాళంచెవి తెచ్చి అతని చేతిలో పెట్టేస్తుంది. ఎందుకమ్మా? అప్పులున్నాయా, మేనేజర్ మీద కసా, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా? ఏమీ లేదు.

ఉద్యోగం కొత్తలో ఒక సాయంత్రం నాకు క్యాష్ టాలీ కాలేదు. ఒకే ఒక్క నోటు తక్కువ. తగ్గితే జేబులోంచి కట్టుకోవాల్సింది మేమే. డబ్బు పెద్దదేం కాదుగానీ, అందరూ బ్యాగులు సర్దుకుని నావైపే చూస్తుంటే టెన్షన్‌తో వేళ్లు ఆడలేదు. కట్టలన్నీ విప్పి మళ్లీ లెక్కపెట్టాను, వోచర్లు తిరగేశాను, చెత్తబుట్ట బోర్లించాను. మా ఆఫీసరు గారు రెండో తాళంచెవి వేలికి తిప్పుకుంటూ అలాగే నించున్నారు. స్ట్రాంగ్‌రూమ్ ఒక్క తాళంచెవితో తెరుచుకోదండీ. ఒకటి క్యాషియర్ దగ్గరుంటే రెండోది ఆఫీసర్ దగ్గరుంటుంది. సినిమాలో ఆవిడ ఒక్కదాంతోనే తీసేసింది. ఆ దొంగ ఆఫీసరుకి కూడా గొడుగు పట్టాడేమో!

‘సినిమాలో లాజిక్ ఏంటండీ’ అనేవాళ్లుంటారు. నేనడిగేది లాజిక్ కాదు, కారణం. 1991లో వచ్చిన ‘క్షణ క్షణం’లో శ్రీదేవి కూడా దొంగ వెంకటేశ్‌తోనే అడవిలో పడి తిరుగుతుంది. ఒకపక్క రౌడీలు, ఒకపక్క పోలీసులు, ఇంక ఎక్కడికి పోతుంది పాపం? దేవుడికి మొరపెట్టుకుంటూ నడుస్తుంది. ప్రేమ సంగతి తర్వాత. ఇప్పుడు రాసేవాళ్లకి ఆ కాస్త ఆలోచించడానికే బద్ధకం. బల్ల తగిలి బోర్లాపడే ఇన్‌స్పెక్టర్‌కి మాత్రం నాలుగు సీన్లు రాస్తారు, నాలుగుసార్లూ అదే బల్ల.

నోటు ఎనిమిదింటికి దొరికింది, కట్టలకి చుట్టే కాగితం పట్టీల మధ్య. ఆఫీసరు గారు ఒక్క మాట కూడా అనకుండా వచ్చి తాళం వేశారు. ఆయన్ని గొడుగుతో పడగొట్టే దొంగ ఇంకా పుట్టలేదు.